వచ్చే ఏడు చూద్దాం

ఎప్పుడూ ఓడిపోయేవాళ్ళని పట్టుకుని వేళ్ళాడడం మంచితనమా, తెలివితక్కువతనమా? ఈ ప్రశ్న నాకు ఏ వేదాంత గ్రంథంలోనూ ఎదురు కాలేదు. షికాగోలో మా చెల్లెలి పక్కింటి వరండాలో, ఒక పాత రేడియో దగ్గర ఎదురయింది.

2014 వేసవిలో చెల్లెలి పురిటికని అమ్మా నేనూ అక్కడికి వెళ్ళాం. పక్కింట్లో ఎనభైకి దగ్గరపడ్డ పెద్దావిడ ఒక్కతే ఉండేది. మధ్యాహ్నం ఒంటిగంట దాటిందంటే చాలు, వరండాలో కుర్చీ వేసుకుని, బల్ల మీద రేడియో పెట్టుకుని కూచునేది. కాసేపటికి తిట్లు మొదలయ్యేవి. "కళ్ళున్నాయా నీకు?" అని ఒకసారి. "నీకంటే మా పిల్లి నయం" అని ఇంకోసారి. మొదటిరోజు ఇంట్లో ఎవరితోనో పోట్లాట కాబోలనుకుని మేమిద్దరం హడలిపోయాం. చెల్లెలు పకపకా నవ్వింది.

"పోట్లాటే అక్కా. కాకపోతే రేడియోతో. కబ్స్ ఆట వస్తోంది" అంది.

కబ్స్ అంటే షికాగో వాళ్ళ బేస్‌బాల్ జట్టు. బేస్‌బాల్ మన క్రికెట్‌కి దూరపు చుట్టం అనుకోండి. ఒక్కొక్క జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఆఖరుదాకా ఇంచుమించు రోజూ ఆటే. అంచేత అభిమానికి గెలుపోటములు పండగల్లా ఏటికోసారి వచ్చేవి కావు. పాలవాడిలా రోజూ గుమ్మంలోకి వస్తాయి. ఏడాది చివర అన్నిట్లోనూ నెగ్గుకొచ్చిన రెండు జట్లు వరల్డ్ సిరీస్ అనే పెద్ద పోటీలో తలపడతాయి.

ఆ వరల్డ్ సిరీస్‌ని కబ్స్ వాళ్ళు 1907లో గెలిచారు, 1908లో మళ్ళీ గెలిచారు. అంతే. మేం వెళ్ళేనాటికి నూట ఆరేళ్ళయింది, మళ్ళీ గెలిచింది లేదు. 1945లో ఆ పోటీదాకా వెళ్ళి డెట్రాయిట్ చేతిలో ఓడారు. అప్పుడే ఒక సారాదుకాణం ఆసామి తన మేకని కూడా ఆటకి తీసుకువెళితే దాన్ని ఉండనివ్వలేదట. ఆయనకి ఒళ్ళుమండి జట్టుని శపించాడట. శాపాలివ్వడం మన ఋషులకే చేతనవుననుకున్నాను ఇన్నాళ్ళూ! 1969లో వేసవంతా ముందుండి, సెప్టెంబరులో చతికిలబడ్డారు. న్యూయార్క్‌లో ఆడుతూండగా ఒక నల్లపిల్లి వాళ్ళ ముందునుంచి నడిచి వెళ్ళిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

1945లో మా పెద్దావిడకి పదేళ్ళు. ఆ ఆటలు వాళ్ళ నాన్న పక్కన కూచుని రేడియోలో వింది. ఓడిన రోజున ఆయన కూతురి తలమీద చెయ్యివేసి, "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడట. ఏటా సెప్టెంబరులో కబ్స్ అభిమానులు ఒకరినొకరు ఓదార్చుకునే మాట అదేనట. అదే ఇల్లూ వాకిలీ అయినట్టు, దానిలోనే కాపరం చేశారు వాళ్ళు.

ఆ మాట నేను తెలుగు చేసి చెప్పగానే అమ్మ ముఖం అదోలా అయిపోయింది. కారణం నాకు తెలుసు. మా ఇంట్లోనూ అదే మాట మీద పాతికేళ్ళు గడిచాయి.

మా నాన్నది గుంటూరు వైపు మిరప సాగు. ఒక ఏడు ముడత తగిలేది, ఒక ఏడు వాన కొట్టేది. రెండూ లేని ఏడు ధర పడిపోయేది. నాన్న కళ్ళం దగ్గరనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవారు. అమ్మ మారుమాట్లాడకుండా చేతి గాజులు తీసి ఇచ్చేది. గాజులు తాకట్టు కొట్టుకి వెళ్ళేవి, కొన్నాళ్ళకి వచ్చేవి, మళ్ళీ వెళ్ళేవి. ఆఖరికి ఒకసారి వెళ్ళి ఇక రాలేదు. ఊళ్ళో అందరూ "ఎంత ఓర్పమ్మా నీకు, భూదేవివి!" అనేవారు. భూదేవికి గాజుల అవసరం ఉండదు కాబోలు.

సరే, కథలోకి వస్తాను. పురుడు వెళ్ళిపోయాక ఒకనాడు మా మరిది అమ్మనీ నన్నూ కబ్స్ ఆడే రిగ్లీ ఫీల్డ్‌కి తీసుకెళ్ళాడు. పెద్దావిడ కూడా వచ్చింది. 1914లో కట్టిన మైదానం. ప్రహరీ గోడనిండా ఆకుపచ్చటి తీగ అల్లుకుని ఉంటుంది. 1988దాకా అక్కడ దీపాలే లేవు, అక్కడ ఆటంటే పగటి ఆటే. ఆట అవగానే ఒక జెండా ఎగరేస్తారు. గెలిస్తే తెల్లజెండా, ఓడితే నీలంజెండా. రైల్లో ఇంటికి పోయేవాళ్ళు కూడా జెండా చూసి సంగతి తెలుసుకోవచ్చు. ఆ వేళ నీలంజెండాయే ఎగిరింది. అయినా జనం కబుర్లు చెప్పుకుంటూ, ఐస్‌క్రీములు తింటూ బయటికి నడుస్తున్నారు. "ఓడినవాళ్ళలా లేరే, పెళ్ళికొచ్చినవాళ్ళలా ఉన్నారు!" అంది అమ్మ.

దారిలో అమ్మ నాచేత అడిగించింది. "ఇంత విసుక్కుంటున్నారు కదా, మానెయ్యకూడదూ? షికాగోలో ఇంకో జట్టు కూడా ఉందటగా?"

ఉంది. వైట్ సాక్స్. వాళ్ళు 2005లో వరల్డ్ సిరీస్ గెలిచారు కూడా. పెద్దావిడ ఆ పేరు వినగానే మూతి తిప్పింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మా నాన్న నాకు పొలాలివ్వలేదు, పుట్రలివ్వలేదు. ఈ జట్టునిచ్చి పోయాడు. బాగుంటే పొగుడుతాను, లేకపోతే తిడతాను. మరీ ఒళ్ళుమండితే రేడియో కట్టేసి పడుకుంటాను. ఎందుకు కట్టేశావని అడిగేవాడు లేడు. మర్నాడు మళ్ళీ నేనే పెట్టుకుంటాను."

ఆ రాత్రి నిద్రపట్టక అటూ ఇటూ మసులుతూ అమ్మ అంది. "ఆవిడ అదృష్టవంతురాలే. నేను ఒక్కనాడూ తిట్టుకోలేదు."

అమ్మ ఆ మాట అనకపోయి ఉంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాను.

ఆలోచించి చూడండి. పైకి ఇద్దరిదీ ఒకటే ఓర్పు. ఇద్దరూ ఓడిపోయేవాళ్ళనే నమ్ముకున్నారు. ఇద్దరూ "వచ్చే ఏడు" అనే గడప మీదే కూచున్నారు. కానీ పెద్దావిడకి విసుక్కునే హక్కుంది, కట్టేసే మీట చేతిలో ఉంది. మా అమ్మకి ఆ రెండూ లేవు. ఉన్నదల్లా మెచ్చుకోలు. మెచ్చుకోలు ఎంత గట్టి సంకెలో మనలో చాలామందికి అనుభవమే. భూదేవి అని ఒకసారి అనిపించుకున్నాక, నోరు విప్పితే ఆ పదవి పోతుందని భయం!

పైగా మన ఓర్పు ఎవరికి లాభమో కూడా చూసుకోవాలి. ఓడినా గెలిచినా జనం వస్తారని తెలిస్తే, గెలవాలనే తొందర జట్టు యజమానులకి ఎందుకుంటుందని కబ్స్ అభిమానుల్లోనే చాలామంది అడిగేవారు. పెద్దావిడా అడిగేది. అన్నం మాడినా లొట్టలేసుకుంటూ తింటే, వంటమనిషికి బుద్ధి ఎప్పుడొస్తుంది? విసుగు అభిమానానికి శత్రువనుకుంటాం గానీ, గెలుపు మీద ఆశ చచ్చినవాడికి విసుగే రాదు. వాడు ఆవులించి ఊరుకుంటాడు.

అయితే విసుగుకీ ఓ ధర్మం ఉంది సుమా. అది అసలు తప్పెక్కడుందో అక్కడికి వెళ్ళాలి. 2003 అక్టోబరు 14 రాత్రి కబ్స్ మూడు పరుగులు ముందున్నారు. ఇంకో అయిదుగురిని అవుట్ చేస్తే వరల్డ్ సిరీస్‌కి వెళ్ళిపోతారు. గోడవైపు పోతున్న బంతి కోసం ప్రేక్షకుల్లో నలుగురైదుగురు చేతులు చాచారు. అది ఒకతని చేతికి తగిలింది. జట్టు ఆటగాడు పట్టబోయాడు, అందలేదు. ఆ తర్వాత చేతికొచ్చిన తేలిక బంతిని మైదానంలో ఆటగాడే జారవిడిచాడు. ఎదుటివాళ్ళు ఎనిమిది పరుగులు తీశారు. మర్నాటి ఆట కూడా పోయింది. కానీ లోకం కోపమంతా ఆ ప్రేక్షకుడి మీదే. అతన్ని మైదానంలోంచి కాపలా మధ్య బయటికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. పాపం, ఏళ్ళతరబడి ముఖం చాటేసుకు బతికాడు.

ఈ సంగతి విన్నప్పుడు అమ్మ ఆశ్చర్యపోలేదు. ఆవిడ కాపరానికి వచ్చిన ఏడే మిరపతోటకి ముడత తగిలిందట. "కొత్తకోడలు కాలు పెట్టిన వేళ" అని మా నాయనమ్మ పోయేదాకా అంటూనే ఉంది. ఎవరో ఒకరి నెత్తిన పెట్టేస్తే మిగతావాళ్ళు నిశ్చింతగా ఉండచ్చు కదా!

ఇక "వచ్చే ఏడు" మాట. 2011 చివర్లో కబ్స్‌కి థియో ఎప్‌స్టైన్ అనే కొత్త అధికారి వచ్చాడు. పేరున్న పాతవాళ్ళని వదులుకుని, కుర్రవాళ్ళని పోగుచెయ్యడం మొదలుపెట్టాడు. 2012లో ఏకంగా 101 ఆటలు ఓడారు. మేమున్న 2014లో 89. "ఈసారి మాకు చెప్పి మరీ ఓడుతున్నారు" అని గొణిగేది పెద్దావిడ. కానీ ఆ ఓటమిలో ఒక లెక్క ఉంది. ఈ ఏడు ఏదో ఒకటి మార్చినవాడికే "వచ్చే ఏడు" అనే అర్హత ఉంటుంది. మా నాన్న చెడ్డవారు కారు. అదే చేను, అదే అప్పు, అదే తాకట్టు కొట్టు. ఏదీ మార్చకుండా వచ్చే ఏటిని మాత్రం రమ్మన్నారు. అమ్మ ఒక్కసారి గట్టిగా విసుక్కుని ఉంటే మార్చేవారేమో. ఎవరికి తెలుసు?

2016లో ఆ వచ్చే ఏడు నిజంగానే వచ్చింది. నవంబరు 2 రాత్రి క్లీవ్‌లాండ్‌లో ఏడో ఆట. చేతికొచ్చిందనుకున్న ఆట ఎనిమిదో ఇన్నింగ్స్‌లో సమమైపోయింది. తొమ్మిదయ్యాక వాన. పదిహేడు నిమిషాలు ఆగి, పదో ఇన్నింగ్స్‌లో 8-7 తేడాతో కబ్స్ గెలిచారు. మనకి మర్నాడు పొద్దున్న పదింపావు దాటింది. చెల్లెలు ఫోన్ చేసింది. పెద్దావిడ రేడియోకి ఒక్క తిట్టు కూడా తిట్టకుండా ఏడుస్తోందట.

కొన్నిరోజుల తర్వాత చెల్లెలు ఆవిడని కారులో రిగ్లీ ఫీల్డ్‌కి తీసుకెళ్ళింది. జనం సుద్దముక్కలతో మైదానం ఇటుక గోడల నిండా పేర్లు రాస్తున్నారట. గెలుపు చూడకుండా పోయిన అమ్మానాన్నల పేర్లు, తాతల పేర్లు. ఆ జట్టుకి 19 ఏళ్ళు ఆడి 512 హోమ్ రన్నులు కొట్టిన ఎర్నీ బ్యాంక్స్ ఒక్క వరల్డ్ సిరీస్ కూడా ఆడకుండానే రిటైరయ్యాడు. 2015 జనవరిలో పోయాడు. అలాంటివాళ్ళు ఎందరో. పెద్దావిడ వంగలేకపోతే చెల్లెలు పట్టుకుంది. వాళ్ళ నాన్న పేరు రాసుకుంది. మర్నాటి ఏడు ఆ బంతి తగిలిన ప్రేక్షకుడికి కూడా జట్టువాళ్ళు విజేతల ఉంగరం ఇచ్చారు. ఆలస్యంగానైనా ఆ ఉంగరం ఒక క్షమాపణే.

నేనిదంతా సంబరంగా చెబుతూంటే అమ్మ పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తూ వింది. "ఓడినవాళ్ళ మాటేమిటే? వాళ్ళెన్నాళ్ళనుంచి చూస్తున్నారు?" అంది.

"1948 నుంచి" అన్నాను.

"అయ్యో" అంది అమ్మ. ఓడినవాళ్ళ వైపు చూడడం ఆవిడకి అలవాటు. ఆ అలవాటు పోవాలని నేననను. అది లేకపోతే లోకం గెలిచినవాళ్ళతో కిక్కిరిసిపోయి మనుషులుండడానికి చోటుండదు.

అయితే ఆ మధ్యాహ్నం ఇంకొకటి కూడా జరిగింది. అమ్మ తొడిమల పళ్ళెం పక్కన పెట్టి లేచి వెళ్ళి, గోడమీద నాన్న ఫొటో ముందు నిలబడింది. "ఆ గాజులు మా అమ్మ పెట్టినవి. ఆ ఒక్క జతా ఉంచకూడదూ మీరు?" అంది గట్టిగా. కోపంగానే అంది. నేను వంటింటి గుమ్మంలోనే ఆగిపోయాను, ఊరుకోమ్మా అనలేదు.

తర్వాత చెంగుతో ఫొటో మీది దుమ్ము తుడిచి, దండ సరిచేసి వచ్చింది.