అంతశ్శుద్ధి

నిజామాబాదు కంఠేశ్వర్‌లో ఒక గృహస్థు డిచ్‌పల్లి రామాలయ దర్శనమునకు బయలుదేరుచు, ఉతికిన పంచె ముక్కిన వాసన కొట్టగా కోడలిని నిష్ఠురములాడెను.

పిదప కరెంటు తీసి, వాషింగ్ మెషీన్ తలుపు చుట్టునున్న రబ్బరు పట్టీని విప్పిచూడగా మడతలలో నల్లని బూజు కనబడెను. సబ్బుమడ్డి, నిలిచిన తేమ, సదా మూసియుంచిన తలుపు దానికి కారణములు. పట్టీని, సబ్బు అరను, అడుగునున్న జల్లెడను కడిగి, ఖాళీ యంత్రమును 60 డిగ్రీల వేడినీటితో త్రిప్పి, తలుపు తెరచియుంచగా వాసన పోయెను.

కడుగునదే మలినమైనచో దోషము ఉతికినవారిదా? ఆచారమును పాటించు మనస్సు కూడ అట్టిదే. అహంకారపు మడతలు విప్పి చూడనిచో మడియు మైలయే యగును. ఆ గృహస్థు “తప్పు నాదమ్మా” అని కోడలితో పలికిన పిదపనే స్వామి దర్శనమునకు వెడలెను. శ్రీరాముడు మనకును అట్టి బుద్ధిని ప్రసాదించుగాక!