ఎవరికి చెప్పాలి?

నాకు షుగరని పదిహేడో ఏట తెలిసింది. పెద్దవయసులో వచ్చేది కాదు, ఒంట్లో ఇన్సులిన్ పుట్టడమే ఆగిపోయే రకం. మా గూడెంలో ఫ్రిజ్జు ఎక్కడిది? తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో సీసా దాచేది అమ్మ.

మెడిసిన్ హాస్టల్లో నా సిరంజి చూసినోడు ఒకటే మాటన్నాడు. "రిజర్వేషన్ సీటు, పైగా రోగం. దండగ."

కులం దాచుకున్నోళ్లని నేను తప్పుపట్టను. అద్దెకి ఇల్లు కావాలంటే ఈ దేశంలో మరేం చేస్తారు? మరి షుగరు దాచొచ్చా? ఇది అంత తేలిక కాదు. నా కులం వల్ల రోగికి కీడేమీ లేదు. ఆపరేషన్ మధ్యలో చక్కెర 70 కిందికి జారితే మాత్రం చెయ్యి వణుకుద్ది, చెమటలు పడతాయి, ఇంకా జారితే బుర్ర పనిచెయ్యదు. బల్ల మీదున్న మనిషిని కాచుకునేవాళ్లకి అది తెలియాలి.

లండన్ డాక్టరు ఆర్.డి. లారెన్స్‌కి 1920లో ఈ జబ్బే తేలింది. ఇక చావేనని ఇటలీ పోయాడు. 1923లో ఇన్సులిన్ దొరుకుతుందని కబురొస్తే తిరిగొచ్చాడు. 1968 దాకా బతికాడు, షుగరోళ్లకే పేరున్న వైద్యుడయ్యాడు. ఆయన జబ్బుకి తోడు కులం లేదు.

ఇప్పుడు సర్జరీ పీజీలో ఉన్నా. థియేటర్లో సిస్టరమ్మకి చెప్తా, మత్తు డాక్టరుకి చెప్తా. కత్తి పట్టేముందు వేలు గుచ్చి చూసుకుంటా. తక్కువుంటే పక్కకి తప్పుకుంటా. వైవా బల్ల వెనక కూచుని నన్ను తూకమేసే సారుకి మాత్రం చెప్పను. ఆయన అడిగేది రోగి కోసం కాదు.