ఒకే గంటకు అన్నం

హైదరాబాద్ కాటేదాన్‌లో ప్లాస్టిక్ మౌల్డింగ్ షెడ్డుకు మధ్యాహ్నం అంటూ ఉండదు. మిషన్ బ్యారెల్‌లో ప్లాస్టిక్ దానా కరిగి ఉంటుంది. ఆపి ఊరికే వదిలేస్తే లోపలే మాడి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు సరుకంతా నల్లచారలు తేలుతుంది. అందుకే ఆపరేటర్లు వంతులవారీగా తింటారు. బిహార్ అతను టిఫిన్ విప్పే వేళకు ఒడిశా అతను మిషన్ ముందుంటాడు. ఇతను చెయ్యి కడుక్కుని వస్తేనే అతనికి ఆకలి తీర్చుకునే వీలు. ఇద్దరూ ఒకరినొకరు ‘బయ్యా’ అనే పిలుచుకుంటారు. ఏళ్ల తరబడి పక్కపక్కన పనిచేసినా ఒకరి డబ్బాలో ఏముందో ఇంకొకరు చూసి ఉండరు. మా నాన్న అలాంటి షెడ్డులోనే సూపర్‌వైజర్. ఎవరి రాష్ట్రం వాళ్లది, ఎవరి తిండి వాళ్లది అన్నది మా బస్తీలో అందరికీ సహజంగా తోచే మాట.

2017 అక్టోబరులో భారత్, జపాన్ మధ్య సాంకేతిక ఇంటర్న్‌ల ఒప్పందం కుదిరాక మాలాంటి కుర్రాళ్లకు ఒక కొత్త దారి దొరికింది. ఆ దారినే నేను నగోయా దగ్గర కార్ల విడిభాగాలు బిగించే ఫ్యాక్టరీకి చేరాను. అక్కడ పన్నెండింటికి గంట మోగితే లైను మొత్తం ఆగుతుంది. జట్టు పెద్దను అందరూ ‘హాన్‌చో’ అంటారు. ఆయన రమ్మని సైగ చేసి క్యాంటీన్‌కు తీసుకెళ్లాడు. మేనేజరు కూడా మా వరుసలోనే ట్రే పట్టుకుని నిలబడ్డాడు. గిన్నెడు అన్నం, మిసో సూప్, చేప ముక్క, ముల్లంగి ఊరగాయ. చేతులు జోడించి, అందరం ఒక్కసారే మొదలుపెట్టాం. నేను పందిమాంసం తిననని తెలిశాక, హాన్‌చో రోజూ వంటల బోర్డు ముందు ఆగి, నేను తినగలిగినవి వేలితో చూపించేవాడు.

తినే పుల్లలను (చాప్‌స్టిక్‌లను) అన్నంలో నిలువుగా గుచ్చొద్దని కూడా ఆయనే చెప్పాడు. చనిపోయినవాళ్లకు పెట్టే అన్నంలో అలా గుచ్చుతారట. అన్నం ముద్దలో నువ్వులు కలిపి పిండం పెట్టే ఇంట్లో పుట్టినవాడికి ఆ మాట వివరించి చెప్పనక్కర్లేదు. బతికున్నవాళ్ల కంచం పోయినవాళ్ల కంచంలా కనపడకూడదన్న జాగ్రత్త రెండు చోట్లా ఉంది.

ఇదంతా జపాన్ వాళ్ల సంస్కారం అని సరిపెట్టుకోవడం సులువు. కానీ ఆ బల్ల దగ్గరికి మమ్మల్ని చేర్చింది సంస్కారం ఒక్కటే కాదు. 1947లో వచ్చిన వాళ్ల కార్మిక ప్రమాణాల చట్టంలో 34వ సెక్షన్ ఉంది. పని ఆరు గంటలు దాటితే 45 నిమిషాలు, ఎనిమిది గంటలు దాటితే గంట విరామం ఇవ్వాలంటుంది. అంతటితో ఆగకుండా, ఆ విరామం అందరికీ ఒకేసారి ఇవ్వాలంటుంది. కార్మికుల తరఫువాళ్లతో ఒప్పందం రాసుకుంటే విడతలుగా ఇవ్వొచ్చు. మన ఫ్యాక్టరీలను దశాబ్దాలపాటు నడిపించిన 1948 చట్టం కూడా వరుసగా అయిదు గంటలకు మించి పని చేయించకుండా, మధ్యలో కనీసం అరగంట విరామం ఇమ్మంది. కలిపి ఇమ్మని మాత్రం అనలేదు. 250 మందికి పైగా ఉంటే క్యాంటీన్, 150 మందికి పైగా ఉంటే భోజనాల గది అంది. కాటేదాన్ షెడ్లలో చాలావాటికి ఆ లెక్కలు అందేవి కావు.

ఇష్టం ఉన్నవాళ్లు కలిసి తింటారని మనం అనుకుంటాం. నాకు ఇప్పుడు అది తిరగబడి కనిపిస్తోంది. ముందు ఎవరో గంట కొట్టాలి, బల్ల వెయ్యాలి. ఇష్టం ఆ తర్వాత పుడుతుంది, లేదా పుట్టదు. పల్నాడులో బ్రహ్మనాయుడు ఈ సంగతి ఎరిగినవాడు. కులాలవాళ్లకు ఒకరిమీద ఒకరికి ప్రేమ కలిగేదాకా ఆగకుండా చాప పరిచి, అందరినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టాడని చెబుతారు. కారంపూడి వీరుల ఉత్సవాల్లో ఆ చాపకూడు ఇప్పటికీ సాగుతోంది.

వరి కథా అలాంటిదే. 1986లో బాపట్ల నుంచి విడుదలై మన కంచాల్లోకి వచ్చిన సాంబ మసూరికి మసూరి ఒక పూర్వీకురాలు. మసూరి వంశంలో తైచుంగ్ 65 ఉంది. జపాన్ ఏలుబడిలో ఉన్న తైవాన్‌లో, జపాన్ రకాలను కలిపి పుట్టించిన వరి అది. 1950లలో కటక్‌లో ఇండికా, జపోనికా రకాలను సంకరం చేసే పథకం పెట్టబట్టే ఆ రక్తం మన అన్నంలోకి చేరింది. వాటికవి వదిలేస్తే ఆ రెండూ ఒక పొలంలో కలిసేవి కావు.

ఏర్పాటుకు హద్దులూ ఉన్నాయి. మా బల్ల దగ్గర వియత్నాం కుర్రాడు తరచూ ఫోన్ చూస్తూనే తినేవాడు. పని అయ్యాక మందు పార్టీలకు రాలేమని చెప్పడానికి జపాన్ కుర్రాళ్లే ఇబ్బంది పడేవాళ్లు. కలిసి కూర్చోవడం తప్పనిసరి అయిన చోట అది ఇంకో డ్యూటీ అవుతుంది. అయితే కలిసే వీలు లేకపోవడం, వీలుండీ ఒంటరిగా తినాలనుకోవడం ఒకటి కావు. మొదటిదాంట్లో ఆ మనిషికి ఎంచుకునే అవకాశమే లేదు.

కాటేదాన్‌లో మిషన్లన్నీ ఒక్కసారి ఆపలేరు, ఒప్పుకుంటాను. ముగ్గురికి కలిపి ఒక వంతు వేసి, ఆ ముగ్గురూ ఒకే రాష్ట్రం వాళ్లు కాకుండా చూడొచ్చు. ఆ కాసేపు మిషన్లు చూసేందుకు ఒక మనిషి, ఒక బల్ల, రెండు బెంచీలు కావాలి. అక్కడ కూర్చున్నాక మాట్లాడుకుంటారో, ఫోన్లు చూసుకుంటారో వాళ్ల ఇష్టం.