దేశభక్తికి గీటురాయి



1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమ ప్రాంతమున సుమారు 10,000 మందిని బలిగొన్నది. ఆనాడు సముద్రము ఎవరి కులమును, ఎవరి పక్షమును అడుగలేదు. నేడు భూతాపముచే సముద్రమట్టము పెరుగుచున్నది. కావున జాతీయవాద పక్షములు ఈ విషయమున ఏమి చేయుచున్నవో విచారించుట మన ధర్మము.

“మా దేశమే ముందు” అను నినాదముతో అమెరికా అధ్యక్షుడు ట్రంపు 2017లోను, మరల 2025లోను పారిస్ ఒడంబడికను విడుచుచున్నట్లు ప్రకటించెను. మన దేశమున భారతీయ జనతా పార్టీ ప్రభుత్వము అందులో నిలిచి, 2070 నాటికి నికర ఉద్గారములను సున్నా చేయుదుమని 2021లో గ్లాస్గో సభయందు మాట ఇచ్చినది. 2023లో మడ అడవుల పెంపకమునకు పథకము ప్రకటించినది. ముందుగా బొగ్గు కాల్చి ధనమార్జించిన దేశములే అధిక భారము మోయవలెనను మన వాదము న్యాయమే. అయినను మన విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గు నుండియే వచ్చుచున్నది.

స్వదేశహితమను మాట ఒకచోట బాధ్యతను విడుచుటకును, వేరొకచోట న్యాయమును అడుగుటకును ఉపకరించుచున్నది. దీనికి గీటురాయి బసవేశ్వరుడు బోధించిన దాసోహమే. తనకు చాలినంత ఉంచుకొని మిగిలినది సంఘమున కర్పించుట వ్యక్తికి ధర్మమైనచో, దేశమునకును అదియే ధర్మము. నాగాయలంక తీరమందలి బెస్తవాని గుడిసెను కాపాడలేని దేశభక్తి వట్టి మాట.

మనమును నిర్దోషులము కాము. అలల ఉరవడిని విరుచు మడచెట్లను నరికి రొయ్యల చెరువులు త్రవ్వినది పరదేశీయులు కాదు. పరులకు కీడు చేయు సంపాదన కాయకము కానేరదు. పక్షములను ప్రశ్నింతము, అంతకు ముందు మన గట్టున ఒక మడమొక్కను నాటుదము.