తప్పు చెప్పిన మనిషిని కాపాడు

కోల్‌కతా

మనవరాలికి,

ఆస్పత్రి క్వాలిటీ విభాగంలో చేరతానంటే “రిజిస్టర్లు చూసుకోవడం కూడా డాక్టరు పనేనా” అని ఇంట్లో అన్నారని రాశావు. ఈ ఊళ్లో నా సర్వీసులో సగం ఆ పనిలోనే గడిచింది. అందుకే ఈ ఉత్తరం.

1971లో సరిహద్దు దగ్గర బనగావ్ శరణార్థి శిబిరాల్లో కలరా చెలరేగింది. కోల్‌కతా నుంచి వెళ్లిన డాక్టర్ దిలీప్ మహలనబిస్ దగ్గర సెలైన్ నిండుకుంది. ఆయన ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కొలిపించి పొట్లాలు కట్టించారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల సోడా. రోగుల పక్కన కూర్చుని తాగించింది ఇంటివాళ్లే. 100కు 30 దాకా ఉన్న చావులు 4 లోపుకు దిగాయి. అలసిపోయిన తల్లి కూడా పొరపాటు పడనంత తేలిక చేశారాయన వైద్యాన్ని. క్వాలిటీ అంటే అదేనమ్మా. సరైన పని సులువు కావాలి, తప్పు పని కష్టం కావాలి.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకరాత్రి రెండు దాటాక ఒక సిస్టర్ వచ్చి అరచెయ్యి చాపింది. అందులో రెండు ఆంపుల్స్. ఒకటి డిస్టిల్డ్ వాటర్, ఒకటి పొటాషియం క్లోరైడ్. ఒకే సైజు, ఒకేలాంటి సన్నటి అచ్చు. “సార్, దీన్ని నీళ్లనుకుని ఎక్కించబోయాను” అంది. చెయ్యి వణుకుతోంది. పొటాషియం నేరుగా నరంలోకి వెళ్తే గుండె ఆగిపోతుంది. నేను వార్డంతా వినబడేలా కేకలేశాను. ఆ తర్వాత నెలల తరబడి ఏ సిస్టరూ ఏ పొరపాటూ నా దగ్గరికి తేలేదు. పొరపాట్లు ఆగలేదు, చెప్పడం ఆగింది.

చివరికి పొటాషియాన్ని వార్డు ట్రేలోంచి తీయించి, తాళం వేసిన బీరువాలో విడిగా పెట్టించాను. ఇద్దరు చూశాకే బయటికి తీయాలన్నాను. ఆ రాత్రే చేయాల్సిన పని అది.

ఇలాంటి మామూలు జాగ్రత్తలనే జాబితాగా రాసి 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్లకు 19 అంశాల చెక్‌లిస్టు ఇచ్చింది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే, ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఆ జాబితాలో ఉన్నవి రోగి పేరు, ఏ వైపు కొయ్యాలి, దూది గుడ్డల లెక్క లాంటి మామూలు విషయాలే. వాటిని పైకి చదవడం తన గొప్పతనానికి తక్కువని ఏ సర్జనైనా అంటే ఒప్పుకోకు.

తాగి డ్యూటీకి వచ్చినవాణ్ని, తప్పు కప్పిపెట్టినవాణ్ని వదలొద్దు. కానీ తనంతట తానొచ్చి చెప్పిన మనిషికి అండగా నిలబడు. “ఎవరు చేశారు” అనే ముందు “ఎలా జరిగింది” అని అడుగు.

మొదటిరోజు ఫైళ్లు అడగకు. వార్డులో మందుల ట్రే తెరిపించి, “వీటిలో మీకు భయమనిపించేది ఏది?” అని అక్కడి సిస్టర్‌ను అడుగమ్మా. ఆమె చెప్పింది రాసుకో. సాయంత్రంలోగా ఒక్కటైనా సరిచెయ్యి.

నీ తాతయ్య