వంటయింటి యారాధనము



దేవుని పూర్ణహృదయముతో ప్రేమింపవలెననుట క్రైస్తవులకు మొదటి యాజ్ఞ. ఇది ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయమున గలదు. ఆజ్ఞలలో ప్రధానమైన దేదియని శాస్త్రియొకడు ప్రశ్నింపగా యేసు దీనినే ముందుగా చెప్పెనని మార్కు సువార్త 12వ అధ్యాయము తెలుపుచున్నది. ఇందలి 'పూర్ణ' మను మాటయే మిగుల కష్టమైనది. ఆదివారమున రెండుగంటలు దేవాలయమున గడపిన గృహస్థుడు తక్కిన కాలమునుగూర్చి యేమి లెక్క చెప్పగలడు? కొంత కాలము దేవునికిచ్చి మిగిలినది తనదేయని తలచినచో, అది పన్ను చెల్లించుటయగును గాని ప్రేమ కాదు.

న్యాయస్థానమున మేము పలుమారు చూచిన దొకటి కలదు. దైవసాక్షిగా ప్రమాణము చేసిన పెద్దమనుష్యుడు మరుక్షణముననే పొలము సరిహద్దునుగూర్చి యబద్ధమాడును. అట్టివారు సర్వమతములందును గలరు. వారిని కేవలము కపటులని మేమనజాలము. ప్రార్థనవేళ వారి కన్నీరు నిజమైనదే. దేవునికొక గదియు వ్యవహారమునకొక గదియు కట్టుకొని, నడుమ ద్వారము పెట్టుట మరచినవారు వారు.

ఈ రెండు గదులను ఒకటి చేసిన సామాన్యుడొకడు 17వ శతాబ్దమున ఫ్రెంచిదేశమున నుండెను. నికొలాస్ హెర్మన్ అను నాతడు 1614 ప్రాంతమున లోరేన్ సీమయందు బీదకుటుంబమున జన్మించెను. 18వ యేట, చలికాలమున ఆకులు రాలిన చెట్టునొకదానిని చూచి, ఇది కొలదికాలములో మరల చిగిర్చి పూచి కాయగలదు గదా యని తలపోయుచుండగా, ఈశ్వరుని శక్తి యాతని మనస్సున నాటుకొనెను. సైనికుడై గాయపడి కుంటివాడైన పిమ్మట, 1640లో పారిసునందలి కార్మెల్ మఠమున చేరి లారెన్సు అను నామమును ధరించెను. ఆతడు గురుపదవిని పొందలేదు, సేవకసోదరుడుగానే యుండెను. ఆతనికి లభించినది వంటయింటి పని. ఆ పని యన్న నాతనికి స్వభావముచేతనే గిట్టదు. అయినను పెనముమీది యట్టును తిరుగవేయుట సయితము దేవునిపై ప్రేమచేతనే చేయుచు, ఏండ్ల తరబడి యందే యుండెను. నియమించిన ప్రార్థనకాలము తనకు తక్కిన కాలముకంటె వేఱు కాదని యాతడు చెప్పెడివాడు.

ఒకప్పుడు మఠమునకు ద్రాక్షాసవము కొనితెచ్చుటకు ఆతనిని బర్గండీకి పంపిరి. పాననిషేధమును కోరు మనకు ఈ బేరము రుచింపకపోవచ్చును. వ్యాపారజ్ఞానము లేదు, కాలు కుంటి, పడవలో పీపాలమీద దొర్లుచు గాని కదలలేడు. ఇది నీ పనియేయని దేవునితో చెప్పి, ఆతడు బేరమునకు పూనుకొనెను.

మఠవాసికేమి, ఆలుబిడ్డలు లేరు, అప్పులవారు లేరు, ఆతనికిది సులభమేయని కొందరనవచ్చును. మాకట్లు తోచదు. తనకు గిట్టని పనిని, ఇతరుల యాజ్ఞకు లోబడి, ప్రతిదినమును చేయవలసివచ్చిన వానికి సంసారికంటె వెసులుబాటు ఎక్కువ యేమున్నది?

అంతకంటె విచారింపదగిన విషయము వేఱొకటి గలదు. మఠమున చేరిన తరువాత ఇంచుమించు పదియేండ్లు ఆతడు ఘోరమైన మనోవేదనకు లోనయ్యెను. కొంతకాలము తాను నశించుట నిశ్చయమేయని నమ్మెను. ఆ నమ్మకమును ఎవరును తొలగింపలేకపోయిరి. అప్పుడాతడు చేసినదేమి? ఈ బాధ మరణపర్యంతమున్నను ఉండనిమ్ము, నేను చేయు ప్రతి కార్యమును దేవుని ప్రేమకొరకే చేసెదనని నిశ్చయించుకొనెను. శాంతి ఆ నిశ్చయమునకు తరువాత వచ్చినదే గాని ముందు వచ్చినది కాదు. భక్తియనగా హృదయము పొంగుటయని తలంచి, పొంగు చల్లారగానే ప్రార్థనను మానువారెందరో గలరు. ఫలము దక్కునను ఆశ సయితము లేనివేళ గిన్నెలు తోముచు దేవుని విడువనివాడే హృదయమును పూర్ణముగా నిచ్చినవాడని మా యభిప్రాయము.

క్రైస్తవ గృహస్థునకు దీని యర్థమేమి? వర్తకుడు తూనికయందును, యజమానుడు పనివానికి కూలి చెల్లించునప్పుడును, తల్లి రాత్రివేళ రోగియగు బిడ్డచెంత మేల్కొనియున్నప్పుడును, తమ యెదుటనున్న దేవునిని స్మరించి యా పనిని చక్కగా చేయుట. ఇందుకు దీర్ఘమైన మాటలక్కరలేదు. మనస్సు తొలగిపోయినచో దానిని తిట్టక, కొట్టక, మెల్లగా మరల్చుకొనుటయే లారెన్సు పద్ధతి. తాను తప్పుచేసినపుడు సయితము దేవునియెదుట దాని నొప్పుకొని, మరల పనిలో ప్రవేశించెడివాడు. పశ్చాత్తాపము పేరిట దినమంతయు వ్యర్థపుచ్చుట యాతనికి తెలియదు.

వృద్ధాప్యమున పాదరక్షలు బాగుచేయుచుండిన యీ కుంటివానితో సంభాషించుటకు విద్వాంసులును గురువులును వచ్చుచుండిరి. ఫెనెలాన్ వారిలో నొకడు. 1691 ఫిబ్రవరి 12వ తేదీన ఆతడు మరణించిన పిమ్మట, ఆతని సంభాషణములను లేఖలను జోసెఫ్ ద బోఫోర్ అను గురువు సంగ్రహించి ప్రకటించెను. కేథలికు మఠమున పుట్టిన యా మాటలను ప్రొటెస్టంటు మతస్థుడగు జాన్ వెస్లీ సయితము తనవారికొరకు ముద్రింపించెను. వంటయింట పని యెంత తొందరగా నున్నవేళనైనను లారెన్సు తొట్రుపడుటయు లేదు, సోమరియై యుండుటయు లేదు. ఒకదానివెంట నొకటిగా ఆయా పనిని ఆయా వేళకు చేయుచుండెనని యా గ్రంథమున వ్రాయబడియున్నది.