ఎగరడమే కాదు, దిగడం కూడా!

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజులు వచ్చాయంటే ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ. బంధువులు వచ్చినా, ఇరుగుపొరుగు కలిసినా పిల్లల్ని అడిగేది ఒకటే ప్రశ్న: "తర్వాత ఏం చదువుతావు? ఏమవుదామనుకుంటున్నావు?"

అటువంటి రోజుల్లోనే ఒక శుక్రవారం, జుమా నమాజు ముగిశాక మస్జిదు వరండాలో ఒక తండ్రి తన కొడుకుని వెంటబెట్టుకుని మా వద్దకు వచ్చాడు. ఆయనది చిన్న టైలరింగ్ దుకాణం. అబ్బాయి ఎంపీసీ మంచి మార్కులతో పూర్తిచేశాడు.

"మౌలానా సాబ్, మీరైనా వీడికి నచ్చజెప్పండి. పైలట్ అవుతాడట! ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తీసుకుందామంటాడు. ఇంకా వీడి చెల్లెలి చదువు ఉంది. వాళ్ళ మామయ్య దుబాయిలో ఉన్నాడు, డిగ్రీ ఏదో ఒకటి చేసి వచ్చేయమంటున్నాడు."

అబ్బాయి తలవంచుకునే మెల్లగా అడిగాడు: "పైలట్ కావాలనుకోవడం తప్పా, హజ్రత్?"

ఇది ఒక్క అబ్బాయి ప్రశ్న కాదు. పైలట్ స్థానంలో డాక్టరు, ఇంజనీరు, లాయరు, టీచరు, వ్యాపారి అని పెట్టుకుంటే మన ఇళ్ళలో ఉన్న ప్రతి యువకుడి ప్రశ్న, ప్రతి యువతి ప్రశ్న కూడా. వరండాలో నిలబడి అయిదు నిమిషాల్లో చెప్పగలిగింది కాదు. అందుకే ఆనాడు ఆ తండ్రీకొడుకులతో కూర్చుని మాట్లాడిన విషయాలనే ఇక్కడ మీ ముందుంచుతున్నాము.

ఆశపడటం తప్పు కాదు

పక్షులు రెక్కలు చాచి, ముడుచుకుంటూ తమ తలలపై ఎగరడాన్ని మానవులు గమనించాలని, వాటిని గాలిలో నిలిపి ఉంచేది కరుణామయుడైన అల్లాహ్‌యేనని గ్రహించాలని దివ్య ఖుర్ఆన్ కోరుతుంది (67:19). ఆకాశంకేసి చూసి ఆలోచించటం విశ్వాసికి నిషేధించబడిన పని కాదు, నేర్పబడిన పని.

తొమ్మిదో శతాబ్దంలో ముస్లిం స్పెయిన్‌లోని ఖుర్తుబా నగరంలో అబ్బాస్ ఇబ్ను ఫిర్నాస్ అనే పండితుడు ఉండేవారు. ఆయన ఒంటికి రెక్కలు అమర్చుకుని ఎత్తైన చోటు నుండి గాలిలోకి దూకారు. కొంత దూరం ఎగిరారు కూడా. కానీ దిగేటప్పుడు అదుపు తప్పి వీపుకు గాయమయింది. పక్షి నేలపై వాలేటప్పుడు తోకను ఉపయోగించుకుంటుందనే సంగతిని ఆయన పట్టించుకోలేదని, తనకు తోక అమర్చుకోలేదని చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ రాశారు.

ఈ సంఘటనలో మన పిల్లలకు గొప్ప పాఠం ఉంది. ఎగరాలనే కోరిక గొప్పదే. కానీ ఎగరడం గురించి ఎంత ఆలోచించామో, దిగడం గురించి కూడా అంత ఆలోచించామా? ఉద్యోగంలో చేరే రోజు మనకు కళ్ళముందు కనిపిస్తుంది. యూనిఫాం కనిపిస్తుంది, జీతం కనిపిస్తుంది. అయితే ఆ సంపాదన గురించి ప్రళయదినాన ప్రభువు సన్నిధిలో లెక్క చెప్పుకునే రోజు కనిపిస్తోందా? వృత్తిని ఎంచుకునేటప్పుడు విశ్వాసికీ, ఇతరులకూ ఉండే తేడా ఇదొక్కటే.

దైవప్రవక్తలు పనిచేశారు

కొందరిలో ఒక అపోహ ఉంది. నమాజు, రోజా మాత్రమే ధర్మం. చదువు, ఉద్యోగం అంతా దునియా వ్యవహారం అని. ఈ అపోహను ప్రవక్తల జీవితాలే తొలగిస్తాయి. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) రాజై ఉండి కూడా తన చేతి కష్టంతోనే తినేవారు. అల్లాహ్ ఆయన కోసం ఇనుమును మెత్తన చేశాడు. కవచాలు తయారుచేసేటప్పుడు వాటి కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆదేశించాడు (34:10-11). చూశారా! పనిలో కొలత తప్పకూడదన్న విషయాన్ని కూడా దైవం స్వయంగా నేర్పాడు. మన ప్రియ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మక్కా వాసుల గొర్రెల్ని మేపారు, వ్యాపారం చేశారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) బట్టల వ్యాపారి. ఖలీఫా బాధ్యత మీద పడిన తర్వాత కూడా భుజాన బట్టలు వేసుకుని బజారుకు బయలుదేరారు.

హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) చిన్న వయసులోనే చురుకైనవారు. యూదుల లిపి నేర్చుకోమని దైవప్రవక్త (స) ఆయన్ని ఆదేశించారు. ఆయన కొద్ది రోజుల్లోనే నేర్చుకుని ప్రవక్త వారి ఉత్తరాలను చదివిపెట్టేవారు. తర్వాతి కాలంలో ఖుర్ఆన్‌ను గ్రంథరూపంలో సంకలనం చేసే మహత్తర బాధ్యత ఆయనకే దక్కింది. ఒక యువకుడిలో ఉన్న నేర్పును గుర్తించి, సమాజానికి అవసరమైన పనిలో దాన్ని ఉపయోగించటం ప్రవక్త సంప్రదాయం.

కనుక ఎవరైనా మంచి సంకల్పంతో, ధర్మసమ్మతమైన పద్ధతిలో, ప్రజలకు మేలు చేసే వృత్తిని చేపడితే ఆ వృత్తి కూడా ఆరాధన అవుతుంది. కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉన్నాయన్న హదీసు మనందరికీ తెలిసినదే.

రెండు గుణాలు

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్‌యన్ చేరుకున్నప్పుడు, ఆయన సాయం పొందిన ఇద్దరు అక్కచెల్లెళ్ళలో ఒకరు ఆయన్ని పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చారు. పనివాడిగా పెట్టుకోదగ్గవాడు బలవంతుడు, నమ్మదగినవాడు అయి ఉండాలని ఆమె అన్నారు (28:26). హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని రాజును కోరినప్పుడు, తాను కాపాడగలవాడినని, ఆ పని తెలిసినవాడినని చెప్పారు (12:55). రెండు చోట్లా గుణాలు రెండే. ఒకటి సామర్థ్యం, రెండోది నిజాయితీ.

పైలట్ విషయంలో ఈ రెండింటినీ ఒకసారి పరీక్షించి చూద్దాం. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు కావాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి. వైమానిక నిబంధనలు, వాతావరణ శాస్త్రం, మార్గ నిర్దేశం వంటి పరీక్షలు రాయాలి. కనీసం 200 గంటలు విమానం నడిపిన అనుభవం ఉండాలి. అన్నిటికన్నా ముందు కఠినమైన వైద్య పరీక్షలో నెగ్గాలి. కళ్ళద్దాలు ఉన్నంత మాత్రాన అనర్హులైపోరు. కానీ రంగుల్ని సరిగా గుర్తించలేకపోతే అది పెద్ద అడ్డంకి. అందుకే లక్షలు ధారపోయక ముందే వైద్య పరీక్ష చేయించుకోవటం వివేకం. నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి గనుక పౌర విమానయాన డైరెక్టరేట్ ప్రకటనలను స్వయంగా చూసుకోవాలి. ఏజెంట్ల మాటల్ని నమ్మి మోసపోకూడదు.

ఇది సామర్థ్యం. మరి నిజాయితీ? పైలట్ వెనుక కూర్చున్న వంద, రెండు వందల ప్రాణాలు అతని వద్ద అమానత్. నిద్ర చాలకపోతే చాలలేదని చెప్పాలి. పొరపాటు జరిగితే దాచకూడదు. విమానం నడపడానికి ముందు 12 గంటలలోపు మద్యం ముట్టరాదని మన దేశ నిబంధన. విశ్వాసికి ఆ నిషేధం జీవితాంతం ఉంది! అలాగే ప్రయాణంలో ఉన్నవారు రోజాను వాయిదా వేసుకుని తర్వాతి రోజుల్లో పూర్తిచేసుకునే సౌలభ్యాన్ని అల్లాహ్ ప్రసాదించాడు (2:185). ఉపవాసం వల్ల నీరసించి ప్రయాణికులకు ప్రమాదం తెచ్చే పరిస్థితి ఉంటే ఆ సౌలభ్యాన్ని వాడుకోవటంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నమాజు వేళల విషయంలో కూడా ముందే పండితుల్ని అడిగి తెలుసుకోవాలి. ఉద్యోగం దొరికింది గనుక నమాజు వదిలేస్తానంటే అది లాభం కాదు, నష్టం.

దారి కూడా హలాల్ కావాలి

గమ్యం మంచిదైతే చాలదు, వెళ్ళే దారి కూడా ధర్మసమ్మతమై ఉండాలి. పైలట్ శిక్షణ ఖర్చు దాదాపు అరకోటి, కొన్నిసార్లు అంతకు మించి కూడా ఉంటుంది. ఇక్కడే మన యువత పరీక్షకు గురవుతుంది. వడ్డీని విడిచిపెట్టని వారికి అల్లాహ్, ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన ఉందని ఖుర్ఆన్ హెచ్చరిస్తోంది (2:279). అటువంటి వడ్డీకి ఇంటినే ఒడ్డి, జీవితపు మొదటి మెట్టునే దానిపై కట్టుకోవటం ఎంత భయంకరం!

లోకరీత్యా చూసినా ప్రమాదమే. లైసెన్సు చేతికి వచ్చిన రోజే ఉద్యోగం వస్తుందన్న హామీ లేదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ విమానాలు నిలిచిపోయాయి. 2020లో కరోనా కారణంగా దేశంలో ప్రయాణికుల విమానాలు మార్చి 25 నుండి రెండు నెలలు నేల మీదే ఉండిపోయాయి. విమానం ఆగుతుంది గాని వడ్డీ ఆగదు!

మరి పేదింటి పిల్లలకు దారి లేదా? ఉంది. హైదరాబాద్ పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా ఒక బేకరీ కార్మికుడి కుమార్తె. దాతలు, ఆ తర్వాత ప్రభుత్వం అందించిన చేయూతతో ఆమె పైలట్ అయ్యారు. స్కాలర్‌షిప్పుల కోసం ప్రయత్నించాలి. సమాజంలోని స్థితిమంతులు వడ్డీలేని రుణం, అంటే ఖర్జె హసనా ఇవ్వడానికి ముందుకు రావాలి. పెళ్ళి విందులకు లక్షలు ఖర్చుపెట్టే మనం, ఒక తెలివైన విద్యార్థి చదువుకు సాయం చేయాల్సి వచ్చేసరికి జేబు తడుముకోవడం న్యాయమేనా?

మెట్టు మెట్టుగా ఎక్కటం కూడా ఒక దారే. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మదీనాకు వలస వచ్చినప్పుడు ఆయన చేతిలో ఏమీ లేదు. అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇస్తానన్నా తీసుకోలేదు. బజారు ఎక్కడుందో చూపించమన్నారు. నెయ్యి, ఆరబెట్టిన పెరుగు అమ్మడంతో మొదలుపెట్టి తర్వాత గొప్ప సంపన్నులయ్యారు. ముందు డిగ్రీ చదివి, సంపాదించి, కూడబెట్టి తర్వాత శిక్షణకు వెళ్ళినా అల్లాహ్ దగ్గర ఆలస్యమైనట్టు కాదు.

ఒక తలుపు మూసుకుంటే...

డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం గారి మద్రాసు ఇంజనీరింగ్ చదువు కోసం ఆయన అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టారు. ఆయన వైమానిక దళంలో పైలట్ కావాలని ఆశపడ్డారు. డెహ్రాడూన్‌లో జరిగిన ఎంపికలో ఎనిమిది మందిని తీసుకున్నారు. ఆయన తొమ్మిదో స్థానంలో నిలిచారు. ఒకే ఒక్క స్థానంలో తలుపు మూసుకుపోయింది! ఆ రోజు ఆయన ఎంత కుమిలిపోయి ఉంటారో ఊహించండి. కానీ ఆ తలుపు మూసుకోవటం వల్లనే ఆయన రాకెట్ల దారి పట్టారు. 1980 జూలైలో ఆయన నాయకత్వంలోని ఎస్ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. 2002లో రాష్ట్రపతి అయ్యారు. 2006 జూన్‌లో, 74 ఏళ్ల వయసులో, పుణె నుండి సుఖోయ్ యుద్ధ విమానంలో సహ పైలట్‌గా ఆకాశంలోకి ఎగిరారు.

మీకు నచ్చనిదే మీకు మేలు కావచ్చు, నచ్చిందే కీడు కావచ్చు. అసలు విషయం అల్లాహ్‌కు తెలుసు, మీకు తెలియదన్న ఖుర్ఆన్ బోధ (2:216) ఇటువంటి సమయంలోనే గుండెకు ధైర్యం ఇస్తుంది. సీటు రాలేదని, పరీక్ష తప్పామని ప్రాణాలు తీసుకునే పిల్లల వార్తలు విన్నప్పుడల్లా మా గుండె బరువెక్కుతోంది. ప్రియమైన పిల్లలారా! మీ ప్రాణం మీ మార్కుల కన్నా, మీ ఉద్యోగం కన్నా ఎంతో విలువైనది. అది అల్లాహ్ మీకు అప్పగించిన అమానత్.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లలు మన ఆశలు తీర్చే యంత్రాలు కారు. పక్కింటి అబ్బాయి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడని, బంధువుల అబ్బాయి గల్ఫ్‌లో సంపాదిస్తున్నాడని మన పిల్లల్ని అదే అచ్చులో పోయకూడదు. బిడ్డ మాట పూర్తిగా వినండి. ఇంటి ఆర్థిక పరిస్థితి దాచకుండా చెప్పండి. ఆడపిల్ల ఆశను కూడా మగపిల్లవాడి ఆశంత శ్రద్ధగా వినండి. ఇక పిల్లలారా, మీ కల కోసం చెల్లెలి చదువును, అమ్మ మందులను ఫణంగా పెట్టే హక్కు మీకు లేదు.

నిర్ణయం ఎలా తీసుకోవాలి?

దైవప్రవక్త (స) తన సహచరులకు ఖుర్ఆన్ సూరాను నేర్పినంత శ్రద్ధగా ఇస్తిఖారా నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. రెండు రకాతులు నమాజు చేసి, ఈ పని నా ధర్మానికి, నా జీవితానికి, నా పరలోకానికి మేలైతే సులభం చేయమని, కీడైతే దూరం చేసి, మేలు ఎక్కడున్నా దాన్ని ప్రసాదించి తృప్తినివ్వమని వేడుకోవాలి. అయితే ఇస్తిఖారా అంటే కలలో జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కాదు. ఆ వృత్తిలో ఉన్నవారిని కలవాలి. లెక్కలు వేయాలి. పెద్దల్ని సంప్రదించాలి. ఒంటెను కట్టేసి అప్పుడు అల్లాహ్‌పై భారం వేయాలన్నది ప్రవక్త (స) వారి ఉపదేశం.

ఈ విషయాలన్నీ విన్నాక ఆ టైలరు గారు కాసేపు మౌనంగా ఉన్నారు. తర్వాత కొడుకు భుజంపై చేయి వేసి, "ముందు డాక్టరు పరీక్ష చేయిద్దాం బేటా. ఇల్లు మాత్రం తాకట్టు పెట్టను. మిగతాది నువ్వూ నేనూ కలిసి చూద్దాం" అన్నారు. అబ్బాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఫీజు కుదిరేదాకా డిగ్రీ చదువుతాను అబ్బా, దుకాణంలో కూడా కూర్చుంటాను" అన్నాడు. అతను పైలట్ అవుతాడో లేదో అల్లాహ్‌కే తెలుసు. కానీ ఆ రోజు ఆ తండ్రీకొడుకులిద్దరూ ఒకే దారిలో నడుస్తూ ఇంటికి వెళ్ళారు.

వాహనం ఎక్కేటప్పుడు మనం చదివే దుఆను గుర్తుచేసుకోండి. దీన్ని మాకు వశపరచినవాడు పరిశుద్ధుడని స్తుతించి, చివరికి మేము మా ప్రభువు వైపునకే మరలిపోవాల్సి ఉందని ఒప్పుకుంటాము (43:13-14). ప్రయాణం మొదలుపెట్టే క్షణంలోనే తిరుగు ప్రయాణాన్ని గుర్తుచేసే ధర్మం మనది. కుట్టు మిషను ముందు కూర్చున్నా, కాక్‌పిట్‌లో కూర్చున్నా మన అందరి ప్రయాణం చివరికి చేరేది ఆయన సన్నిధికే.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, హలాల్ ఉపాధిని, ప్రజలకు మేలు చేసే మనసును ప్రసాదించుగాక! వారు ఏ దారిలో ఎగిరినా తన ప్రసన్నతా నిలయంలో సురక్షితంగా దించుగాక! ఆమీన్.